నూట ఇరవై నంబరు కాగితం

పొద్దున ఎనిమిదింటికి సారంగపాణి కార్ఖానా తలుపులు తెరుచుకునేవి. తెరిచేది సారంగపాణి కాదు. ఆయన తొమ్మిదిన్నరకు టిఫిన్ చేసి, దేవుడి పటానికి అగరువత్తి వెలిగించడానికి వచ్చేవాడు. తాళంచెవి గట్టయ్య మేస్త్రీ దగ్గర, చీపురు యాకమ్మ దగ్గర ఉండేవి. గిర్మాజీపేటలో ఆ గల్లీకి కార్ఖానా అంటే వాళ్ళిద్దరే.

ఒకప్పుడు అక్కడ మంచంకోళ్ళు, బొంగరాలు తీసేవారు. తర్వాత కట్టె పోయి, గాజులా మెరిసే అక్రిలిక్ ప్లాస్టిక్ వచ్చింది. హైదరాబాదు నుంచి చెరకు గడలంత కడ్డీలు లారీలో దిగేవి. గట్టయ్య వాటిని లేతు మరకెక్కించి లారీల గేరు రాడ్లకు బిగించే గుండ్లు, అల్మారా గుబ్బలు, తలుపు పిడులు తీసేవాడు. లేతు మీద నుంచి దిగిన ముక్క గాజులా ఉండదు. సున్నపు నీళ్ళలో ముంచి తీసినట్టు తెల్లగా, మసకగా ఉంటుంది. దాన్ని నీళ్ళలా తేర్చడం యాకమ్మ పని.

ముందు నూట ఇరవై నంబరు గరుకు కాగితం. తర్వాత రెండొందల ఇరవై, నాలుగొందలు, ఆరొందలు, ఆఖరుకు వెయ్యి. నీళ్ళలో తడుపుతూ, కాగితం మారినప్పుడల్లా చెయ్యి తిప్పే దిక్కు మారుస్తూ రుద్దాలి. ఆ తర్వాత గుడ్డ చక్రం మీద పాలిష్ సబ్బు. అక్కడ గట్టిగా ఒత్తితే వేడికి ముక్క మూతి ముడుచుకుంటుంది. తొందరపడి మధ్యలో ఒక నంబరు దాటేస్తే అప్పటికేమీ తెలియదు. అంతా అయి మెరుపు వచ్చాక వెంట్రుకంత గీత బయటపడుతుంది. అప్పుడు మళ్ళీ నూట ఇరవై దగ్గరికి రావాల్సిందే. మెరిసేదాన్ని చేతులారా మసక చేసుకుంటే తప్ప గీత పోదు. కొత్తవాళ్ళు మోసపోయే సంగతి ఇంకొకటి ఉంది. మసక ముక్క తడిగా ఉన్నంతసేపు తేరినట్టే కనబడుతుంది. ఆరితే మళ్ళీ తెల్లబడుతుంది.

"తడిని నమ్మకు యాకమ్మా" అని గట్టయ్య మొదటి రోజే చెప్పాడు.

ఇట్లా నాలుగేళ్ళు రుద్దేసరికి యాకమ్మ కుడిచెయ్యి కూడా తేరింది. మొదట వేలి కొసలు, తర్వాత అరచెయ్యి, ఆ తర్వాత మణికట్టు. చెయ్యి ఎత్తి పట్టుకుంటే వెనకనున్న క్యాలెండర్‌లో తిథి చదువుకోవచ్చు. లోపలుండాల్సిన ఎముకలూ నరాలూ ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. బొగ్గు బస్తాలు మోసేవాడి వీపు నల్లబడదా, అద్దకం వాడి గోళ్ళు నీలంగా ఉండవా, ఇదీ అంతే. బస్సులో కండక్టర్ ఆమె మూసిన పిడికిలిలోకి చూసి, "పావలా తక్కువున్నది చెల్లె" అనేవాడు. సారంగపాణికైతే ఆ చెయ్యే సైన్‌బోర్డు. కొత్త పార్టీ వస్తే "యాకమ్మా, జర చెయ్యి సూపియ్యి" అనేవాడు. ఆమె చూపించేది, ఆర్డర్ వచ్చేది.

యాకమ్మ కాపురం శివనగర్‌లో. రైల్వే లైను కింది బ్రిడ్జి దాటి పదిహేను నిమిషాల నడక. ఇంట్లో ఉండేది అత్త సమ్మమ్మ ఒక్కతే. మొగుడు మొగిలి డెబ్బై ఏడులో భీవండిలో మగ్గాల మీద పనికి పోయాడు. ఎనభై వానాకాలంలో అక్కడే చనిపోయాడు.

ఆ సంగతి చెప్పిన ఉత్తరం కార్ఖానా అడ్రసుకు వచ్చింది. యాకమ్మకు చదువు రాదు, గట్టయ్య చదివి వినిపించాడు. మూడు రోజుల జ్వరంతో పోయాడు, తలా ఇంత చందా వేసుకుని కార్యం జరిపించాము, రాయడం రెండు నెలలు ఆలస్యమైంది, క్షమించగలరు. అంతే ఉంది అందులో. గట్టయ్య ఉత్తరం మడిచి చేతిలో పట్టుకున్నాడు. మనిషి నెమ్మదస్తుడు, పెళ్ళాం చనిపోయి మూడేళ్ళయింది. ఇట్లాంటప్పుడు ఏం మాట్లాడినా ఎక్కువే అవుతుందని అతనికి తెలుసు.

"అత్తకు టైఫాయిడ్ ఉన్నది మేస్త్రీ. లేచినంక చెప్త" అంది యాకమ్మ.

"నీ ఇష్టం" అన్నాడతను. ఉత్తరాన్ని చాయ్ పొయ్యిలో పెట్టాడు.

సమ్మమ్మ ఇరవై రోజులకు లేచి కూర్చుంది. గంజి నోట్లో పెట్టుకోకముందే అడిగిన మొదటి మాట, "మొగిలి ముచ్చటేమన్న తెల్సిందా బిడ్డా?" అని. రేపు చెబుదామనుకున్న యాకమ్మ నోరు, "మంచిగున్నడట అత్తా. స్టేషన్‌ల భీవండాయన కలిసిండు" అంది. ముసలామె ఆ పూట రెండు గిన్నెల గంజి తాగింది. ఇంకేముంది, రేపు ఎల్లుండయింది, ఎల్లుండి నాలుగేళ్ళయింది. నెలకోసారి స్టేషన్‌లో ఒక భీవండాయన కలవక తప్పలేదు. మొగిలి రొట్టెలు తినడం నేర్చుకున్నాడు. మొగిలి మగ్గం మారాడు. మొగిలి కల్లు మానేశాడు. నిజం చెప్పాలంటే బతికున్న రోజుల్లో మొగిలి అంత బుద్ధిమంతుడు కాదు. చనిపోయాకే బాగుపడ్డాడు. యాకమ్మకు కూడా ఈ కొత్త మొగిలి మీద కాస్త ఇష్టం పుట్టింది, ఎందుకు దాచాలి.

కానీ అబద్ధం ఇంట్లో మాత్రమే ఉంటే అబద్ధం ఎట్లా అవుతుంది. మొగుడు బతికున్న మనిషి గనుక యాకమ్మ బొట్టు పెట్టుకుంది, గాజులు వేసుకుంది. వాడలో పెళ్ళయితే అయిదుగురు ముత్తయిదువల్లో ఒకతెగా పసుపు కొట్టింది. పక్కింటి చిలుకమ్మ బిడ్డ పెళ్ళిలో అయితే మొదటి పోటు ఆమె చేతనే వేయించారు. ఇప్పుడు నిజం చెబితే ముసలామె ప్రాణానికి ఏమవుతుందోనన్నది ఒక భయం. చిలుకమ్మకు ఏం చెప్పాలన్నది ఇంకో భయం. ముండమోసి చేత పసుపు కొట్టించానా అని ఆమె ఊరుకుంటుందా? ఆ పిల్లకు రేపు ఏ తలనొప్పి వచ్చినా యాకమ్మ చేతి వల్లే అంటారు. వాడలో ఉండనివ్వరు. అదీ తెలిసే పోయి కొట్టింది. పిలిస్తే పోకుండా ఉండాలంటే ఎందుకు రానన్నావో చెప్పాలి. పోయింది.

ఎనభై నాలుగు ఎండాకాలానికి తేరడం భుజం దాకా వచ్చింది. అప్పటిదాకా చెయ్యి ఉత్త నీళ్ళలా ఖాళీగా ఉండేది. భుజం దగ్గర మాత్రం లోపల ఏవో ఉన్నాయి. ఒకరోజు పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టి చిలుకమ్మ వంగి చూసింది.

"యాకమ్మా, నీ భుజంల మీ నాయిన కూసున్నడే."

"నాయిన సచ్చి పదేండ్లాయె."

"అయితేంది? మంచిగ గోడకు ఒరిగి బీడి తాగుతాండు. ఇగో, జర పక్కకు జరుగు, బిందె నిండుతాంది."

యాకమ్మ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చి తలుపు మూసి నిలబడింది. భుజానికీ గుండెకూ జానెడు దూరం. భుజంలో నాయిన కనబడితే, గుండెలో ఎవరు కనబడతారో ఆమెకు తెలుసు.

ఆ రోజే సారంగపాణిని అడిగింది, పాలిష్ పని ఇడిచిపెడ్త సేటూ, ఊడ్చే పని ఇయ్యి అని.

"ఊడ్వనీకి ఎవరైన వస్తరు. ఈ పని నువ్వు తప్ప ఎవరు చేస్తరు? నీ చెయ్యి సూసే కదా విజయవాడ పార్టీ ఒప్పుకున్నది. ఏం ఫికర్ చెయ్యకు, అంత తేరినంక ఇంకా అందంగ ఉంటవు" అని సారంగపాణి నవ్వాడు. ఆయన మంచివాడే. మంచివాడితో వాదించడం కష్టం.

బీడీలు చుడదామంటే తేరిన వేళ్ళకు ఆకు జారిపోతోంది. మిరపకాయల మార్కెట్‌లో తొడిమలు తీయడానికి పోతే, అక్కడి కూలితో ముసలామెకు మందులు రావు. ఎడమచేత్తో రుద్ది చూసింది. పది రోజుల్లో ఎడమచేతి వేళ్ళు తేరడం మొదలయింది.

గట్టయ్య అన్నీ చూస్తూనే ఉన్నాడు. అతను చేయగలిగింది ఒకటే. ఉలిని రోజుకు మూడుసార్లు సానపట్టి, ఊపిరి బిగబట్టి, చెక్కిన ముక్క వీలైనంత నున్నగా దిగేటట్టు ఆఖరి కోత నెమ్మదిగా తీసేవాడు. ముక్క నున్నగా దిగితే ఆమె రుద్దుడు తగ్గుతుంది. రోజుకు నలభై తీసేవాడు పాతిక తీస్తున్నాడని సారంగపాణి కేకలేశాడు. గట్టయ్య తల వంచుకుని విన్నాడు, మర్నాడు ఇరవై నాలుగు తీశాడు. వాడలో పరాయి మగవాళ్ళందరినీ అన్నా అని పిలిచే యాకమ్మ, అతన్ని ఒక్కణ్ణే మేస్త్రీ అనేది. ఒకే కులం వాళ్ళు కూడా.

అయినా తేరడం ఆగలేదు. చివరకు యాకమ్మ తనకు తెలిసిన విద్యే తన మీద చేసుకుంది. నూట ఇరవై నంబరు కాగితం ముక్కలు కొంగున కట్టుకొచ్చి, పొద్దున అత్త లేవకముందే తడిక వెనక్కి పోయి, మెడ కింది నుంచి రొమ్ము దాకా గరగరా రుద్దుకునేది. వీపుకు చెయ్యి అందదు గనుక, కార్ఖానాలో లోతు ముక్కలకు చేసినట్టు, పుల్లకు కాగితం చుట్టి రుద్దుకునేది. మంట పుట్టేది. కళ్ళ నీళ్ళు వచ్చేవి. కాసేపటికి ఒళ్ళు పాలలా తెల్లబడి లోపలిది కనబడకుండా పోయేది. మళ్ళీ కార్ఖానాకు పోయి సాయంత్రం దాకా ముక్కలు తేరిస్తే, పొద్దున పెట్టుకున్న మసకలో సగం కరిగిపోయేది. తెల్లారితే మళ్ళీ తడిక. చేస్తున్న పనే తనను బయటపెడుతుంటే, ఆ పని కూలితోనే పొయ్యి వెలుగుతుంటే, ఆడమనిషి ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. రుద్దుకుంది.

దసరా వచ్చింది. ఆ రోజు లేతుకు పసుపు కుంకుమ పెట్టి, కార్ఖానాకు సెలవిచ్చారు. పొద్దున్నే సమ్మమ్మ నూనె గిన్నె పట్టుకుని వాకిట్లో పీట వేసింది.

"రా బిడ్డా, తలకు పోస్త."

"నేను పోసుకుంట అత్తా."

"ఎన్నేండ్లాయె నా చేత పోయించుకొని! పండుగ పూట కాదనకు. నా చేతులు బాగున్నయిప్పుడు."

యాకమ్మ లోపలికి పోయి కొత్త కాగితం తీసి, చర్మం కందిపోయేదాకా రుద్దుకుంది. ముందూ వెనకా పాలమీగడలా తెల్లబడ్డాక, పాత చీర చంకల కిందికి చుట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. ఇక భయం లేదనుకుంది. వేల ముక్కలు తడిపి రుద్దిన మనిషి, తడికి మసక నిలవదని ప్రతిరోజూ చూసే మనిషి, తన ఒళ్ళు కూడా అట్లాంటిదేనని ఆలోచించలేదు. ఎవరైనా తమ ఒంటిని పనివస్తువులా చూసుకుంటారా?

సమ్మమ్మ వెనక కూర్చుని నువ్వుల నూనె నెత్తిన అద్దింది. మాడు తట్టింది, మెడ రుద్దింది. ఊళ్ళో ముచ్చట్లు చెబుతూ రెండు చేతులా నూనె తీసుకుని వీపు మీద పరిచింది.

ఆ చేతులు ఆగిపోయాయి.

యాకమ్మకు వెనక ఉన్న అత్త ముఖం కనబడదు. వీపు మధ్య రెండు అరచేతుల బరువు మాత్రం తెలుస్తోంది. అప్పుడు అర్థమయింది ఆమెకు, నూనె ఏం చేస్తుందో. లేచి పరుగెత్తాలనిపించింది. పీట అంచులు పట్టుకుని కూర్చుంది.

నూనె పాకిన మేర వీపు తేరిపోయి, లోపల గుండె దాకా కనబడుతోంది. అక్కడ ఉన్నది రెండే సంగతులు. చుట్టూ యాకమ్మ ఎన్నడూ చూడని భీవండి షెడ్డు, చూడలేదు గనుక అది అచ్చం సారంగపాణి కార్ఖానాలాగే ఉంది. నేల మీద మొగిలి, మెడ దాకా తెల్లగుడ్డతో, జుట్టునిండా మగ్గాల దూదితో పడుకొని ఉన్నాడు. అతనికి కాస్త దూరంలో, గోడ పక్కన, ఉలి చేతబట్టుకుని గట్టయ్య నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవని మనిషిలా నిలబడి ఉన్నాడు. మొదటిది యాకమ్మకు తెలుసు. రెండోది ఉన్నట్టు ఆమెకే తెలియదు.

కాసేపటికి చేతులు మళ్ళీ కదిలాయి. సమ్మమ్మ వీపంతా రుద్దింది, కుంకుడు పులుసు పోసింది, చెంబు తర్వాత చెంబు వేడినీళ్ళు పోసింది. ఒక్క ముచ్చట కూడా చెప్పలేదు. ఆఖరున పొడి తువాల తెచ్చి కోడలి వీపు మీద కప్పి గట్టిగా అద్దింది.

"అత్తా" అంది యాకమ్మ. "ఏమన్న కనబడ్డదా?"

"నా కండ్లకేం కనబడ్తది బిడ్డా. లే, సలి పెడ్తది."

ఆ తర్వాత వచ్చిన ఆదివారం, నాలుగేళ్ళుగా బ్రిడ్జి దాటని సమ్మమ్మ కర్ర పట్టుకుని, "స్టేషన్ దాక పోయొస్త" అని బయలుదేరింది. నేనొస్తానంటే వద్దంది. పన్నెండింటికి తిరిగివచ్చి ఇంట్లోకి రాలేదు. గల్లీ నడిమధ్య నిలబడి కర్ర నేలకేసి కొట్టింది.

"ఓ చిలుకమ్మా! ఓ వాడకట్టోళ్ళారా! నా కొంప మునిగింది! నా కొడుకు, ఆ ముదనష్టపోడు, భీవండిల ఇంకోదాన్ని కట్టుకున్నడట! ఇద్దరు పిల్లలట! యాకమ్మకు నాకు ఏం సంబంధం లేదు, దాని దారి అది సూసుకోమన్నడట!"

చిలుకమ్మ చేటతో సహా బయటికి వచ్చింది. "ఎవరు చెప్పిన్రక్కా?"

"స్టేషన్‌ల భీవండాయన కలిసిండు. ఆయనే చెప్పిండు. పెద్దోడు బడికి కూడ పోతాండట!"

చనిపోయిన కొడుకుకు పెళ్ళి చేసి, పిల్లల్నిచ్చి, బడికి కూడా పంపిందా తల్లి. గడపలో నిలబడ్డ యాకమ్మకు ఆ స్టేషన్ మనిషి ఎవరో తెలుసు. అతన్ని పుట్టించింది తనే.

సాయంత్రానికి కులపెద్దలు ముగ్గురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కబురు తెలిసి గట్టయ్య కూడా వచ్చి చివర నిలబడ్డాడు. సమ్మమ్మ అంతా మళ్ళీ చెప్పి, రొమ్ము బాదుకుని, కొడుకును నోటికొచ్చినట్టు తిట్టింది.

"కన్నతల్లే చెప్తాంది. ఇంక సాక్ష్యమెందుకు?" అన్నాడు పెద్దాయన. "నువ్వేమంటవు బిడ్డా?"

యాకమ్మ నోరు తెరిచింది. ఆయన అట్లాంటోడు కాదు అందామనుకుంది. ఆ మాట అంటే తర్వాతి మాట కూడా అనాలి. అది అంటే పసుపు, చిలుకమ్మ బిడ్డ, నాలుగేళ్ళ గాజులు, అన్నీ ఈ అరుగు మీదికి వస్తాయి. గట్టయ్య వైపు చూసింది. ఆ ఉత్తరం చదివిన మనిషి అతను. అతను నేల చూస్తున్నాడు. అక్కడున్న వాళ్ళలో నిజం తెలిసినవాళ్ళు ముగ్గురు. ఇద్దరికి నోరు లేదు, మూడో ఆమె గొంతు చించుకుని అబద్ధం చెబుతోంది. యాకమ్మ తల దించుకుంది. దాన్నే పెద్దలు ఒప్పుకోలు కింద తీసుకున్నారు.

"మొగడు ఇడిచిపెట్టిన పిల్ల. మారుమనువుకు అడ్డం లేదు. ఎవరన్న ముందుకొస్తే మాఘంల చేద్దాం" అన్నాడు పెద్దాయన.

"నేనున్న" అన్నాడు గట్టయ్య. తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు ఒకసారి దగ్గి, "పెద్దమ్మ కూడ మాతోనే ఉంటది" అన్నాడు.

సమ్మమ్మ మూడు రోజులు ఏడ్చింది. ముద్ద ముట్టలేదు. జుట్టు విరబోసుకుని, నేల మీద దొర్లి, నా కొడకా నా కొడకా అని ఏడ్చింది. పరువు పోయిందని ఏడుస్తోంది పాపమని వాడంతా అనుకుంది. చిలుకమ్మ వచ్చి ఓదార్చింది. అట్లాంటి కొడుకు ఉంటేంది, సస్తేంది అక్కా, అని కూడా అంది. యాకమ్మ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. నాలుగేళ్ళలో గట్టిగా ఏడవడం అదే మొదలు.

మూడో రోజు మధ్యాహ్నం చిలుకమ్మ మార్కెట్‌కు పోయింది. గల్లీలో ఎవరూ లేరు. సమ్మమ్మ లేచి, లోపలి నుంచి తలుపు దగ్గరగా వేసి, కోడలి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కొరివి ఎవరు పెట్టిన్రు?" అని మెల్లగా అడిగింది.

"పక్క మగ్గమాయన. స్టేషన్ ఘన్‌పూరాయనట."

"కట్టె సరిపోయిందా?"

"సరిపోయిందట."

ముసలామె ఇంకా దగ్గరికి జరిగింది. అడగాలా వద్దా అన్నట్టు రెండుసార్లు పెదవులు కదిపింది.

"నెత్తినిండ దూది ఉండె బిడ్డా. అది దులిపిన్రా?"

ఉత్తరంలో ఆ మాట లేదు. యాకమ్మకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

"దులిపిన్రట అత్తా. నీళ్ళు పోసి, నూనె పెట్టి, తల దువ్విన్రట" అంది.

సమ్మమ్మ తల ఊపింది. బయట చిలుకమ్మ చెప్పుల చప్పుడు వినబడింది. ముసలామె కొంగుతో ముఖం తుడుచుకుని, మోకాలు పట్టుకుని లేచి, తలుపు తీసుకుని అరుగు మీదికి పోయి, చిలుకమ్మకు వినబడేటట్టు కొడుకును మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.